నీటి మీద వాలే విమానం

ముందు ఒక పొడుపు కథ.

చేప కాదు, నీళ్ళలో తేలుతుంది. కొంగ కాదు, నీళ్ళ మీది నుంచి లేస్తుంది. పడవ కాదు, మనుషుల్ని ఎక్కించుకుంటుంది. ఏమిటది?

విప్పగలరా? అదే నీటి విమానం. పేపర్లలో దీన్ని సీ ప్లేన్ అని రాస్తారు.

మామూలు విమానం దిగాలంటే పొడుగాటి సిమెంటు బాట కావాలి. నీటి విమానానికి ఆ బాట అక్కర్లేదు. చెరువు, నది, రిజర్వాయరు, సముద్రం ఏదైనా సరే, నీళ్ళుంటే చాలు. అయితే నిజంగా నీళ్ళుంటే చాలా? ఆ నీళ్ళలో వలలు ఉండవా? పడవలు ఉండవా? బట్టలు ఉతికే రేవు ఉండదా? ఊరు తాగే నీళ్ళు అవే కావా? ఈ పాఠంలో ఆ సంగతులు తెలుసుకుందాం.

మన దగ్గరికి ఎప్పుడు వచ్చింది?

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణా నదిలో ఒక నీటి విమానం తేలింది. అక్కడి నుంచి లేచి శ్రీశైలం వెళ్ళింది. అక్కడ పాతాళగంగ దగ్గర నీళ్ళలో వాలింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు అందులో ప్రయాణం చేశారు. బస్సులో చాలా గంటలు పట్టే దారిని విమానం గంట లోపే దాటింది. అయితే అది ప్రయోగం మాత్రమే. రోజూ తిరిగే సర్వీసు కాదు.

మన దేశానికి ఈ విమానాలు పూర్తిగా కొత్తవేమీ కావు. 1930ల చివర్లో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా వెళ్ళే పెద్ద నీటి విమానాలు దారిలో రాజస్థాన్‌లోని రాజసమంద్ చెరువులో దిగేవి. ఆ చెరువును 17వ శతాబ్దంలో కరువు పనిగా తవ్వించారు. కూలి జనం చేతులతో తవ్విన చెరువులో సుమారు రెండు వందల అరవై ఏళ్ళ తర్వాత విమానాలు వాలాయన్నమాట.

విమానం నీళ్ళ మీద ఎలా తేలుతుంది?

విజయవాడ వచ్చిన విమానం పేరు ట్విన్ ఆటర్. దానికి రెండు ఇంజన్లు, రెండు పంకాలు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 65 అడుగులు. ఈ రకం విమానంలో 19 మంది దాకా కూర్చోవచ్చు. నిండుగా ఉన్నప్పుడు దాని బరువు ఐదున్నర టన్నులు దాటుతుంది.

అంత బరువు ఎలా తేలుతుంది? విమానం కింద రెండు పొడుగాటి దోనెలు ఉంటాయి. వాటిని ఫ్లోట్లు అంటారు. లోపల బోలుగా ఉంటాయి. ఖాళీ బిందె మూతి బిగించి నీళ్ళలో వదిలితే మునుగుతుందా? మునగదు. ఇదీ అంతే. ఒక్కో దోనెలో లోపల అడ్డుగోడలు కట్టి అరలు చేస్తారు. ఒక అరకు చిల్లి పడినా మిగతా అరలు తేలుస్తాయి. ఆ అరల్లోకి కొంచెం కొంచెం నీరు ఊరుతుంది. అందుకని ఎగరబోయే ముందు పంపుతో ఆ నీరు తోడేస్తారు.

కొన్ని విమానాలకు దోనెలతో పాటు చక్రాలు కూడా ఉంటాయి. అవి నేల మీదా దిగగలవు, నీటి మీదా దిగగలవు.

ఎగరడం ఎందుకు కష్టం?

వంటింట్లో చూసే ఉంటారు. తడి బండ మీద తడి పళ్ళెం పెడితే అతుక్కుపోతుంది. పైకి లాగితే ఒక పట్టాన రాదు. కొస పట్టుకుని కాస్త లేపి, లోపలికి గాలి వెళ్ళనిస్తే వెంటనే వచ్చేస్తుంది. నీళ్ళు కూడా దోనెల అడుగును ఇలాగే పట్టి ఉంచుతాయి. అందుకే దోనె అడుగున మధ్యలో ఒక మెట్టు చేస్తారు. విమానం వేగంగా పోయేటప్పుడు ఆ మెట్టు దగ్గర గాలి దూరుతుంది. అప్పుడు నీరు పట్టు వదులుతుంది. విమానం లేస్తుంది.

ఇలా లేవాలంటే చాలా దూరం పరుగెత్తాలి. ట్విన్ ఆటర్ లాంటి విమానానికి సుమారు ఒక కిలోమీటరుకు పైగా పొడవు, వంద మీటర్లకు పైగా వెడల్పు ఉన్న నీళ్ళు కేటాయిస్తారు. ఆ మేరకు నీళ్ళలో పడవ ఉండకూడదు, వల ఉండకూడదు, మొద్దు ఉండకూడదు. ఎండాకాలంలో గాలి వేడెక్కి పలచబడుతుంది. అప్పుడు ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి, లేదా బరువు తగ్గించుకోవాలి. చుట్టూ కొండలున్న రిజర్వాయరులో లేచిన వెంటనే మలుపు తిప్పాలి. అదీ ఒక చిక్కే.

పైలట్‌కు వచ్చే చిక్కులు

మొదటి చిక్కు: నీళ్ళలో బ్రేకు లేదు. బస్సుకు బ్రేకు వేస్తే ఆగుతుంది. నీళ్ళలో విమానానికి అలా ఆగే వీలు లేదు. ట్విన్ ఆటర్ లాంటి వాటిలో పంకాల పని తీరు మార్చి వేగం తగ్గిస్తారు. అయినా హఠాత్తుగా పుట్టి అడ్డం వస్తే అక్కడికక్కడ ఆపలేరు.

రెండో చిక్కు: గాలి. రాటకు కట్టిన పడవ ముక్కు ప్రవాహానికి ఎదురు తిరుగుతుంది కదా. నీళ్ళలో ఉన్న విమానం ముక్కు అలాగే గాలికి ఎదురు తిరుగుతుంది. గాలి ఎటు వీస్తే అటు లాగేస్తుంది. ఇరుకు రేవులో విమానాన్ని తిప్పడం చాలా నేర్పుతో చేయాల్సిన పని.

మూడో చిక్కు: అలలు. అల ఎత్తుగా ఉంటే విమానం దిగకూడదు. ఆశ్చర్యం ఏమిటంటే, అసలు అలలే లేకపోయినా ప్రమాదమే. నీళ్ళు అద్దంలా ఉంటే ఆకాశం అందులో కనిపిస్తుంది. నీరు ఎక్కడుందో, విమానం ఎంత ఎత్తున ఉందో పైలట్ కంటికి అందదు. అలాంటప్పుడు ఒడ్డు పక్కగా, చెట్లను చూసుకుంటూ, నెమ్మదిగా దించుతారు.

నాలుగో చిక్కు: నీళ్ళలో దాగిన వస్తువులు. సగం మునిగిన దుంగ పైనుంచి కనబడదు. వల బెండు కూడా కనబడదు. దుంగ తగిలితే దోనె చీలుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు పెద్ద వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరదలో పడవలే కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. పడవలే కొట్టుకొస్తే ఇక దుంగల మాట చెప్పాలా? వరద రోజుల్లో అక్కడ విమానం దించడం కుదరదు.

ఐదో చిక్కు: నీటి మట్టం. మన రిజర్వాయర్లలో నీరు ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. నిండినప్పుడు శ్రీశైలం మట్టం 885 అడుగులు. నాగార్జునసాగర్ మట్టం 590 అడుగులు. వేసవి వచ్చేసరికి ఎంతో కిందికి దిగిపోతుంది. అప్పుడు నీటిలో ఉన్న రాళ్ళు బయటపడతాయి. రేవు ఎక్కడో, నీరు ఎక్కడో. అందుకే విమానం ఆగే చోట సిమెంటు మెట్లు సరిపోవు. నీటితో పాటు లేస్తూ దిగుతూ ఉండే తేలే రేవు కట్టాలి.

ఇంకొకటి. ఇలాంటి విమానాలను పగటి వెలుతురులోనే నీటి మీద దించుతారు. మబ్బు, పొగమంచు ఉంటే ఆపేస్తారు.

నీటి మీద ముందు హక్కు ఎవరిది?

సముద్రంలో ఓడలు, పడవలు గుద్దుకోకుండా 1972లో ప్రపంచ దేశాలు కలిసి నియమాలు రాసుకున్నాయి. అందులో నీటి విమానం గురించి కూడా ఉంది. విమానం నీటి మీద ఉన్నప్పుడు మామూలుగా పడవలన్నిటికీ దూరంగా తొలగి ఉండాలి. వాటి దారికి అడ్డు రాకూడదు. అంటే పెద్దది వచ్చింది కదా అని చిన్నది పక్కకు పోవాలని కాదు. పెద్దదే తప్పుకోవాలి.

ఇది సముద్రం నియమం. మరి రిజర్వాయరులో, నదిలో ఏ నియమం? పడవలు ఎంత దూరంలో ఉండాలి? ఏ వేళల్లో? ఎవరు చెబుతారు? విమానం వచ్చే ముందే ఇవి కాగితం మీద రావాలి. ఆ కాగితం ఊళ్ళో అందరికీ తెలియాలి.

కేరళలో ఏం జరిగింది?

2013 జూన్ 2న కేరళలోని కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో నీటి విమానాన్ని ప్రారంభించారు. అది అక్కడి నుంచి అలప్పుళలోని పున్నమడ సరస్సుకు వెళ్ళాలి. కానీ అక్కడ వాలలేకపోయింది. ఎందుకంటే జాలరులు పడవలు వేసుకుని నీళ్ళలోకి వచ్చి నిరసన తెలిపారు. విమానం దిగే చోట చేపల వేట ఆపేస్తారని, తమ బతుకు పోతుందని వాళ్ళ భయం. ఆ పథకం ముందుకు సాగలేదు.

పదకొండేళ్ళ తర్వాత, 2024 నవంబరు 11న కేరళలో మళ్ళీ ప్రయోగం చేశారు. ఈసారి కొచ్చి నుంచి మున్నారు దగ్గరి మాట్టుపెట్టి డ్యాముకు విమానం వెళ్ళింది. జాలరుల సంఘాలు మళ్ళీ ఆందోళన చెందాయి. మాట్టుపెట్టి చుట్టూ ఏనుగులు తిరుగుతాయి. విమానం మోతకు అవి బెదురుతాయేమో చూడాలని అటవీ శాఖ చెప్పింది.

కేరళ కథలో నేర్చుకునేది ఏమిటి? విమానం మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి మాట. నీటి మీద బతికేవాళ్ళను ముందే పిలిచి మాట్లాడలేదు. ఆ మాటలు జరగనందుకు అటు విమానం ఆగింది. ఇటు జనానికి భయం మిగిలింది.

గుజరాత్‌లో ఏం జరిగింది?

2020 అక్టోబరు 31న గుజరాత్‌లో అహమదాబాదు సబర్మతి నది నుంచి కేవడియాకు నీటి విమానం మొదలైంది. కేవడియాలో విమానం దిగే నీటిలో మొసళ్ళు ఉండేవి. 2019లోనే వాటిని బోనుల్లో పట్టి వేరే చోటికి తరలించడం మొదలుపెట్టారు. ఆ విమానం మాల్దీవుల నుంచి వచ్చింది. మరమ్మతులు కూడా అక్కడే. మరమ్మతుకు పోయిన ప్రతిసారీ సర్వీసు ఆగేది. 2021 ఏప్రిల్ తర్వాత అది పూర్తిగా ఆగిపోయింది. నడిపే ఖర్చు ఎక్కువ కావడమే కారణమని ప్రభుత్వం చెప్పింది.

దీన్ని బట్టి ఏం తెలుస్తుంది? ప్రారంభం ఒక రోజు పండుగ. నడపడం రోజూ చేసే కాపురం. మరమ్మతు ఎక్కడ? డబ్బు ఎవరు పెడతారు? టికెట్ ఎవరు కొనగలరు? ఇవి ముందే లెక్క చూసుకోవాలి.

నీటికి ఏమవుతుంది?

ఈ విమానం ఇంజను కిరోసిన్ లాంటి నూనెతో నడుస్తుంది. నూనె నింపేటప్పుడు ఒలికితే నీళ్ళలో పడుతుంది. తాగునీటి పంపు దగ్గర అలా ఒలకడం మంచిది కాదు. అందుకే నూనెను ఒడ్డున, నీటికి దూరంగా నింపుకోవడం మేలు. ఒలికితే పీల్చే సామాను దగ్గర ఉండాలి.

ఇంకో సంగతి. అమెరికాలోని అలాస్కాలో నీటి విమానాలు చాలా ఎక్కువ. అక్కడ లేక్ హుడ్ అనే సరస్సు ఉంది. 2015లో అందులో ఎలోడియా అనే పరాయి నాచు కనబడింది. విమానం దోనెలకు, చుక్కానికి నాచు ముక్క చుట్టుకుంటుంది. అది ఇంకో చెరువుకు ఎగిరిపోతుంది. అక్కడ పెరిగి నీళ్ళను కప్పేస్తుంది. ఆ నాచును చంపడానికి మందు చల్లాల్సి వచ్చింది. మన చెరువుల్లో గుర్రపు డెక్క చేసే పని అందరికీ తెలుసు. ఒక చెరువు గుర్రపు డెక్క ఇంకో చెరువుకు పోకుండా, లేచే ముందు దోనెలు తుడిచి చూడాలి.

విమానం అన్నిటికీ చెడ్డది అనుకోకూడదు. అది నీళ్ళ మీద ఉండేది కొద్ది నిమిషాలే. రోడ్డు లేని చోట, దీవుల్లో రోగిని ఆసుపత్రికి చేర్చడానికి బాగా పనికొస్తుంది. మాల్దీవుల్లో, కెనడాలో ఇవి ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నాయి. చిక్కంతా ఒకే నీటిని పది మంది పది పనులకు వాడుకోవడంలోనే ఉంది.

ఒక సభ ఊహించుకుందాం

రిజర్వాయరు ఒడ్డున ఒక ఊరు ఉందనుకుందాం. అక్కడికి నీటి విమానం తెస్తామని అధికారి వచ్చాడు. పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక కూర్చున్నారు. అధికారి చెప్పడం ముగించాడు.

చేపలు అమ్మే పెద్దామె లేచింది. "సారూ, మా వలలు రాత్రి కట్టి తెల్లారి తీస్తాం. మీ విమానం తెల్లారి వస్తే మా వలలు ఏం కావాలి?" అంది.

"అమ్మా, విమానం దిగే చోట గుర్తులు పెడతాం. అక్కడ వల కట్టొద్దు," అన్నాడు అధికారి.

"అక్కడే చేప ఎక్కువ పడుద్ది సారూ. ఆ చోటు పోతే మాకు ఏమిస్తారు?"

"నష్టం లెక్క కడతాం. లైసెన్సు ఉన్నవాళ్ళకు ఇస్తాం."

వెనక నుంచి ఒక కోడలు పిల్ల లేచింది. "లైసెన్సు మా ఆయన పేరు మీద ఉంది సార్. చేప కోసేది, ఎండబెట్టేది, సంతకు మోసేది నేను. నా పేరు ఏ కాగితంలోనూ లేదు. నా నష్టం ఎవరు రాస్తారు?"

అధికారి కొంచెం ఆగాడు. "మీరు చెప్పిన మాట నిజమే. ఆడవాళ్ళ పనిని కూడా రాయించాలి," అన్నాడు.

పెద్దామె పక్కనున్న ఆమె భుజం తట్టి, "పిన్నీ, నువ్వు కూడా అడుగు," అంది.

ఆమె మెల్లగా అడిగింది. "మా పిల్లలు మధ్యాహ్నం రేవులో ఈత కొడతారు. విమానం వచ్చేది వాళ్ళకెట్టా తెలుసుద్ది బాబూ?"

"సైరను మోగిస్తాం. కాపలా పడవ తిరుగుతుంది."

"ఆ కాపలా పడవ పని మా ఊరి పిల్లకాయలకే ఇవ్వండి బాబూ. ఈ నీళ్ళలో ఎక్కడ బండ ఉందో, ఎక్కడ సుడి ఉందో వాళ్ళకే తెలుసు. రేపు ఏదన్నా అయితే ముందు దూకేది కూడా వాళ్ళే."

సభలో చప్పట్లు మోగాయి. పంచాయతీ కార్యదర్శి ఆ మాటలన్నీ పుస్తకంలో రాశాడు. కోడలు పిల్ల ముందుకొచ్చి ఆ పేజీ చదివింది. తను చెప్పింది ఉందో లేదో చూసింది. "ఆడవాళ్ళ పని" అన్న మాట లేదు. అడిగి రాయించింది. అప్పుడే సంతకం పెట్టింది.

ఇందులో గొప్ప పని ఏది? అడగడం గొప్ప. చదివి చూసుకుని సంతకం పెట్టడం ఇంకా గొప్ప.

ఎవరిని అడగాలి?

ఒక రిజర్వాయరుకు చాలా మంది పెద్దలు. నీరు నీటిపారుదల శాఖ చేతిలో. చేపల వేట లైసెన్సు మత్స్య శాఖ చేతిలో. పక్కన అడవి ఉంటే అటవీ శాఖ. విహార పడవలు పర్యాటక శాఖ. విమానానికి అనుమతి ఢిల్లీలోని పౌర విమానయాన శాఖ కింద ఉండే డైరెక్టరేట్. జిల్లాలో అందరినీ కూర్చోబెట్టగలిగేది కలెక్టరు.

ఒకరు "మాది కాదు" అంటే ఇంకొకరి దగ్గరికి తిరగాల్సి వస్తుంది. అందుకే అర్జీ కలెక్టరు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దాని కింద కాగితాలు చూపించమని అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవాళ్ళు ఫీజు కట్టక్కర్లేదు.

విమానం వస్తే గుర్తుంచుకోవలసినవి

1. గుర్తులు పెట్టిన చోట వల కట్టకూడదు, పుట్టి నిలపకూడదు.
2. ఆగి ఉన్నా సరే, పంకా దగ్గరికి పోకూడదు. తిరిగే పంకా కంటికి కనబడదు.
3. వల తెగితే ఆ రోజు తేదీ, సమయం, వల ధర పుస్తకంలో రాసుకోవాలి. తెగిన ముక్క దాచాలి. ఇద్దరు సాక్షుల పేర్లు రాయాలి.
4. నీళ్ళ మీద నూనె జిడ్డు కనిపిస్తే పంచాయతీకి వెంటనే చెప్పాలి. ఆ నీళ్ళు తాగకూడదు.
5. విమానం ఎక్కితే తేలే చొక్కా గురించి చెప్పేది వినాలి. ఆ చొక్కాను విమానం లోపల ఉబ్బించకూడదు. బయటికి వచ్చాకే ఉబ్బించాలి. లోపలే ఉబ్బిస్తే తలుపు గుండా బయటికి రాలేరు.

కొత్త మాటలు

ఫ్లోటు: విమానం కింద ఉండే తేలే దోనె.
మట్టం: నీరు ఎంత ఎత్తున ఉందో చెప్పే కొలత.
క్యూసెక్కు: ఒక సెకనులో పారే ఒక ఘనపుటడుగు నీరు.
చుక్కాని: పడవను తిప్పే పలక. నీటి విమానం దోనెల వెనక కూడా ఉంటుంది.
అర్జీ: అధికారికి రాసి ఇచ్చే విన్నపం.

చర్చించండి

మీ ఊరి చెరువును ఎవరెవరు ఏయే పనులకు వాడుకుంటారు?
ఆ చెరువు మీద చేసే పనుల్లో ఆడవాళ్ళవి ఏవి? వాటిలో కాగితం మీద ఉన్నవి ఎన్ని?
అలప్పుళ జాలరులతో ముందే మాట్లాడి ఉంటే ఏం జరిగేది?

రాయండి

మీ ఊరి చెరువులో కొత్తగా ఏదైనా పథకం వస్తోందనుకోండి. మీకు తెలియవలసిన ఐదు సంగతులు అడుగుతూ కలెక్టరుకు అర్జీ రాయండి. పైన తేదీ వేయండి. కింద మీ పేరు మీరే రాయండి.